‘ది’ లేని క్యూరేటర్

డాన్ బ్రౌన్‌కి వచనం రాయడం రాదని చాలామందికి చెప్పాను. ఎందుకు రాదో మాత్రం నాకు తెలీదు. ఎవరో అంటే విన్నాను, నేనూ అనేశాను. ఈమధ్య ‘ది డావిన్చీ కోడ్’ (2003) మళ్లీ తెరిస్తే, గొడవంతా మొదటి వాక్యం మొదట్లోనే ఉందని తెలిసింది. అక్కడ లేని ఒక చిన్న మాటతో.

నవల లూవ్ర్ మ్యూజియం క్యూరేటర్ జాక్ సోనియేర్‌తో మొదలవుతుంది. పేరుకి ముందు ‘పేరుమోసిన’ అనే అర్థమిచ్చే విశేషణం, ఆ వెంటనే ఉద్యోగం. వీటన్నిటికీ ముందు రావాల్సిన ‘ది’ లేదు. భాషాశాస్త్రవేత్త జెఫ్రీ పులమ్ 2004లో దీన్ని పట్టుకుని ఉతికేశాడు: ఇది పత్రికల్లో వార్త రాసే పద్ధతి, కథ చెప్పే పద్ధతి కాదని. ఇంగ్లీషులో డాక్టర్, ప్రొఫెసర్, కెప్టెన్ లాంటివి బిరుదుల్లా పేరుకి అతుక్కుంటాయి, ‘ది’ అక్కర్లేదు. క్యూరేటర్, నవలాకారుడు, వడ్రంగి అంత తేలిగ్గా అతకవు. అతికిస్తే దాన్ని ‘ఫాల్స్ టైటిల్’ అంటారు, దొంగబిరుదు అన్నమాట. ఈ అలవాటుకి బాగా ప్రచారం తెచ్చింది 1923లో మొదలైన ‘టైమ్’ పత్రిక. పేపర్లో జాగా కలిసొస్తుంది కాబట్టి అక్కడ నాకేం అభ్యంతరం లేదు.

నా చిక్కల్లా, ఇది నా చెవికి తప్పుగా వినపడదు. ‘కవి శ్రీశ్రీ’, ‘మెకానిక్ మస్తాన్’ అంటూ పెరిగినవాణ్ణి. మనకి ‘ది’ లేదు, ఏ పనైనా ఏ పేరుకైనా అతుకుతుంది. మరి పులమ్ మాట నమ్మి ఊరుకోవడమేనా?

తెలుగులో చెప్పుకుని చూశాను. ‘సోనియేర్ అనే క్యూరేటర్’ అంటే మీకు తెలియని మనిషిని పరిచయం చేస్తున్నాను. ‘క్యూరేటర్ సోనియేర్’ అంటే ఆయన మీకు ముందే తెలిసుండాలి, లేదా మీరు పేపరు చదువుతూ ఉండాలి. ‘ప్రముఖ క్యూరేటర్ సోనియేర్’ అన్నానో, ఇంక నా చేతిలో మైకున్నట్టే. (మన సభల్లో వేదికెక్కినవాళ్లంతా ప్రముఖులే కదా.) ప్రాణభయంతో తూలుతూ వస్తున్న ముసలాయన గురించి మైకులో చెప్తే ఎలా ఉంటుంది? అప్పుడు వినపడింది నాకు. ఆయన్ని మనిషిగా చూడకముందే విజిటింగ్ కార్డు చేతిలో పెట్టేశాడు బ్రౌన్. ఆ తర్వాత పుస్తకం కింద పెట్టకుండా చదివాననుకోండి, అది వేరే సంగతి.

చదవడం అయ్యాక నా పాత సమీక్షలు తీసి ‘ప్రముఖ’ కోసం వెతికాను. 14 చోట్ల దొరికింది. అందులో ఇద్దరి పేర్లు, ఆ పుస్తకాలు చేతికొచ్చేదాకా నేనే వినలేదు.