తోడు వెళ్ళిన ఓడ

తెల్లవారుజాము బస్సుకు సాగనంపడానికి మా నాన్న టార్చిలైటు పట్టుకుని రోడ్డు దాకా వచ్చేవారు. ఎప్పుడూ నాకు రెండడుగులు ముందే నడిచేవారు. పామైనా కుక్కైనా ముందు తనకే ఎదురుపడాలని అలా నడిచేవారన్నది అప్పట్లో నాకు తట్టలేదు. తోడు వెళ్ళడం ఒక విద్య అని నాకు గట్టిగా తెలిసింది సెరాపిస్ అనే బ్రిటిష్ యుద్ధనౌక గురించి చదివాకే.

1779 మార్చిలో నీళ్ళలోకి దిగిన ఓడ అది. 44 ఫిరంగుల తరగతి. ఫిరంగులు రెండు అంతస్తుల్లో ఉన్నాయి కనుక ఫ్రిగేట్ అనకూడదని పట్టింపు ఉన్నవాళ్ళు అంటారు. చేసింది మాత్రం ఫ్రిగేట్ పనే, తోడు వెళ్ళడం. ఆ సెప్టెంబరులో బాల్టిక్ నుంచి 40కి పైగా సరుకు ఓడలను వెంటబెట్టుకుని ఇంగ్లండుకు వస్తోంది. అడుగున రాగిరేకు తొడిగిన ఓడ, పరుగెత్తగలదు. కానీ మందలో కుంటి ఆవు నడకే కాపరి నడక.

23వ తేదీన యార్క్‌షైర్ తీరంలో, ఫ్లాంబరో హెడ్ దగ్గర, జాన్ పాల్ జోన్స్ నడిపే, స్వాతంత్ర్యం కోసం బ్రిటన్‌తో పోరాడుతున్న అమెరికన్ల దళం కనబడింది. ఒడ్డుకు చేరమని సెరాపిస్ కెప్టెన్ రిచర్డ్ పియర్సన్ ముందే సంకేతాలిచ్చినా సరుకు ఓడలు పట్టించుకోలేదు. శత్రువును కళ్ళారా చూశాకే స్కార్‌బరో వైపు పారిపోయాయి. ఆయన తన ఓడను మధ్యలో అడ్డం పెట్టాడు. నాకు ఈ కథంతా ఆ ఒక్క కదలికలోనే ఉంది.

తర్వాత వెన్నెల్లో మూడు గంటలకు పైగా పోరు. సెరాపిస్, జోన్స్ ఓడ బాన్ హోమ్ రిచర్డ్ ఒకదానికొకటి పెనవేసుకుపోయాయి. పైనుంచి విసిరిన గ్రెనేడు ఒకటి సెరాపిస్ లోపల పడి మందుగుండు అంటుకుంది. రాత్రి పది దాటాక పియర్సన్ లొంగిపోతూ తన చేతులతోనే జెండా దించాడు. రెండో రోజుకి జోన్స్ ఓడ మునిగిపోయింది, చేజిక్కించుకున్న సెరాపిస్ మీదే ఆయన హాలండు చేరాడు.

పియర్సన్‌ను సైనిక న్యాయస్థానం గౌరవంగా విడుదల చేసింది. రాజు సర్ బిరుదు ఇచ్చాడు. ఓడను పోగొట్టుకున్నవాడికి బిరుదా అని మొదట ఆశ్చర్యపోయాను. కానీ ఆయన తోడు వచ్చిన సరుకు ఓడల్లో ఒక్కటీ శత్రువుకు చిక్కలేదు. వాటిలో ఉన్నవి కొయ్య, తారు, మోకుల నార వంటి సరుకులు. కొత్త ఓడలు కట్టడానికి కావలసినవి.