రేడియో ప్రసారరీతులు: ఆకాంక్షా సన్నిధి విచారము

కావ్యమును దృశ్యమనియు శ్రవ్యమనియు విభజించిన మన యాలంకారికుల కాలమున, నటుఁడు కంటికిఁ గనఁబడకయే వేలకొలఁది యిండ్లలో నొక్కమాఱుగాఁ బలుకు సాధనము లేదు. రేడియో వచ్చినతోడనే యీ విభాగమునకుఁ గ్రొత్త పరీక్ష యేర్పడినది. నాటకము రంగస్థలమును విడిచి శ్రవ్యమైనది. పురాణము గుడిమంటపమును విడిచి వంటింటి గూటిలోనికి వచ్చినది. ఇవి యన్నియు వాక్కుతో నిర్మింపఁబడినవే. అట్లయ్యు మన పత్రికలలో గ్రంథవిమర్శనమునకుఁ గల చోటు వీనికి లభింపలేదు. ఒక ప్రసారరీతిని జను లేల యాదరింతురు, కొంతకాలమునకు దాని నేల విడుతురు అను ప్రశ్నము వర్తకులకు వదలఁదగినది కాదు. శబ్దార్థవిచారము చేయువారికిని అది సంబంధించినదే.

మొదట నితిహాసమును సంగ్రహముగాఁ జెప్పెదను. హైదరాబాదులో నిజాము ప్రభుత్వపు దక్కను రేడియో 1935లోను, మదరాసులో అఖిల భారత రేడియో కేంద్రము 1938 జూన్ 16నను వెలసినవి. తెలుఁగు ప్రసారములకు మదరాసు కేంద్రమే చాలకాలము పుట్టినిల్లు. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రమును, 1963లో కడప కేంద్రమును నేర్పడినవి. కడప పలుకు పెన్నయొడ్డు ప్రొద్దుటూరికిని, జమ్మలమడుగునకును, పులివెందులకును దగ్గఱి పలుకైనది. వార్తలు, ప్రసంగము, రూపకము, నాటకము, భక్తిరంజని, లలితసంగీతము, రైతుల కార్యక్రమము: ఇవి యాకాలపు ప్రధానరీతులు. వీనిలోఁ బ్రతిదానికి నొక యారంభమును, నొక ముగింపును, నొక నియతకాలమును గలవు. శ్రోత యా వేళకు వచ్చి కూర్చుండవలెను.

జనాదరణమున మొదటి పెద్దమార్పు సినిమాపాటవలనఁ గలిగినది. 1952లో సమాచార ప్రసార శాఖామాత్యులైన బి.వి. కేస్కరుగారు శాస్త్రీయసంగీతమునకుఁ బెద్దపీట వేసి, సినిమాపాటలను రేడియోనుండి దాదాపుగాఁ దొలఁగించిరి. ఫలిత మేమి? శ్రోతలు శాస్త్రీయసంగీతమువైపు మరలలేదు. రేడియో సిలోనువైపు మరలిరి. తుదకు 1957 అక్టోబరు 3న ప్రభుత్వమే వివిధభారతిని స్థాపింపవలసి వచ్చినది. 1967లో దానియందు వాణిజ్యప్రకటనలును బ్రవేశించినవి. కేస్కరుగారి యుద్దేశము గొప్పదే. కాని నిషేధముచేత రుచి మాఱదనియు, చెవికిఁ దలుపులు లేవనియు నీ యుదంతము చాటుచున్నది.

రెండవ మార్పు ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రములతో వచ్చినది. వాయుతరంగములు ప్రజల సొత్తని సర్వోన్నత న్యాయస్థానము 1995లోఁ దీర్పు చెప్పినది. 2001లో బెంగుళూరునందును, 2006లో హైదరాబాదునందును, తరువాత విజయవాడ, విశాఖపట్టణము, తిరుపతులయందును నీ కేంద్రములు పలుక నారంభించినవి. వీనికిచ్చిన యనుమతులలో స్వయముగా వార్తలు కూర్చి చెప్పు స్వేచ్ఛ లేకుండెను. నాటకమునకు వ్యయ మధికము. ఇఁక మిగిలినవి సినిమాపాట, ప్రకటన, ఈ రెంటిని గలుపు మాట. ఆ మాట చెప్పువారికి జాకీ యని పేరు. వేళకు వచ్చి కూర్చుండు శ్రోతకు మాఱుగా, బండి నడపుచునో, అంగడిలోఁ దూకము వేయుచునో వినెడు శ్రోత యేర్పడెను. అతఁ డే నిమిషమున వచ్చినను, ఏ నిమిషమునఁ బోయినను నష్టపోకుండునట్లు ప్రసారము కూర్పఁబడినది. ఇదియు నొక కౌశలమే, కాదనరాదు.

దీనిపై మన పండితులు సాధారణముగాఁ జేయు నాక్షేప మొకటి కలదు: జాకీలు ఆంగ్లపదములు కలిపి తెలుఁగును జెఱచుచున్నారని. ఈ యాక్షేపము నాకు బలముగాఁ దోఁపదు. మన లాక్షణికులు తత్సమ తద్భవ దేశ్యములతోఁ బాటు అన్యదేశ్యమునకును స్థానమిచ్చిరి. కడప మండలపు వాడుకలో నుర్దూమాట లెన్ని లేవు? జమ్మలమడుగు రైతు రసీదు అన్నప్పుడు తెలుఁగు చెడిన దని యెవ్వరు నేడ్వలేదు. మహాభాష్యకారుఁడు గోశబ్దమునకు గావి, గోణి మొదలగు నపభ్రంశములను జూపియు, అర్థబోధ మాత్రము సాధుశబ్దమువలనను అపశబ్దమువలనను సమానమే యని యంగీకరించినాఁడు. సాధుత్వమును ధర్మనియమముగా నిలిపినాఁడు. కాఁబట్టి పదదోషమును వెదకుటతో విమర్శకుని పని తీఱదు. దోషము పదమునందుఁ గాక వాక్యమునం దున్నచోఁ బదములను దిద్ది ప్రయోజన మేమి?

వాక్యార్థబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూఁడు కారణములని శాస్త్రజ్ఞు లెఱుఁగుదురు. ఒక పదము మఱియొకదానిని గోరుట ఆకాంక్ష. ఆ రెంటి యర్థములు పొసఁగుట యోగ్యత. విలంబము లేక పలుకఁబడుట సన్నిధి. ‘ఆవును’ అని యిప్పుడు పలికి, ‘తెమ్ము’ అని జాముసేపటికిఁ బలికినచో వాక్యము పుట్టదు. ఈ గీటుఱాతిపై నేఁటి ప్రసారమును బరీక్షింతము. జాకీ యొక సంగతి నెత్తుకొనును, అది ముగియకమునుపే పట్టుచీరల ప్రకటన వచ్చును, పిదపఁ బాట, పాటతరువాత వేఱొక సంగతి. ఇచట సన్నిధి విచ్ఛిన్న మగుచున్నదని స్పష్టము.

అయినను ఇంతటితోఁ దీర్పు చెప్పుట తొందరపాటు. ప్రొద్దుటూరి సాహిత్యచరిత్రయే మనలను నిలిపి యడుగును. శివభారతకర్త గడియారము వేంకటశేషశాస్త్రిగారును, రాణాప్రతాపసింహచరిత్రకర్త దుర్భాక రాజశేఖర శతావధానిగారును గూడి యవధానములు చేసిన యూరిది. అవధానమునందు సన్నిధి యెక్కడిది? ఒక పృచ్ఛకునికిఁ బద్యమున నొక పాదము చెప్పఁబడును. తరువాతఁ దక్కిన పృచ్ఛకుల వంతు. నడుమ నప్రస్తుతప్రసంగి యాటంకములు. రెండవపాద మెంతసేపటికో వచ్చును. అయినను సభ చెదరదు; పద్యము విఱుగదు. కారణ మేమన, మొదటిపాదము రేపిన యాకాంక్ష శ్రోతల మనస్సులలోఁ జావకుండును. సన్నిధి లోపించినచోట నాకాంక్షయే వంతెనయై నిలుచును. కాఁబట్టి నేఁటి ప్రసారమున నసలు కొఱఁత ప్రకటన యడ్డువచ్చుట కాదు. అడ్డువచ్చినదానికై శ్రోత వేచియుండఁదగిన దేదియు ముందు చెప్పఁబడకుండుట. ఎప్పుడైనను లేచిపోవుటకు వీలుగాఁ గూర్చిన ప్రసారము, ఎప్పుడును గూర్చుండఁబెట్టలేదు.

ప్రాఁత రీతులలోను దోషములు లేకపోలేదు. రేడియో ప్రసంగములు క్రమముగా నాదరణము గోలుపోవుటకు సినిమాపాటయే కారణమనుట యర్ధసత్యము. మన పండితులు పెక్కండ్రు కంటికై వ్రాసిన వ్యాసమునే మైకు ముందుఁ జదివిరి. పుటలోనైనఁ జదువరి వెనుకకుఁ బోయి కర్తను వెదకికొనును. రేడియోలో వెనుకకుఁ బోవుటకుఁ జోటు లేదు. నాలుగు సమాసములకావల నున్న క్రియ వినఁబడు నప్పటికి శ్రోత కర్తను మఱచి యుండును. ఇదియు సన్నిధిభంగమే, శిష్టభాషలో జరుగుటచే మన కది దోషముగాఁ దోఁపలేదు. ఈ సంగతి నెఱిఁగినవారిలో ఉషశ్రీగా ప్రసిద్ధులైన పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులుగా రగ్రగణ్యులు. విజయవాడ కేంద్రమునుండి వారు చెప్పిన రామాయణ భారతములు చిన్నచిన్న వాక్యములతో, ఎదుటివానిని బ్రశ్నించినట్లు సాగెడివి. పండితపామరులు వానికై వేచియుండుటకుఁ గారణము కథ తెలియకపోవుట కాదు. తెలిసిన కథయందును ‘తరువాత?’ అను ప్రశ్నను బుట్టింపఁగల వారి వాక్యనిర్మాణము.

స్వరమునుగూర్చి యొకమాట. దూరమునుండి పిలుచునపుడు వాక్యాంతస్వరమునకుఁ బ్లుతమును బాణిని విధించెను. రేడియో పలుకు దూరమునుండియే వచ్చును. కాని మైకు దానిని శ్రోతచెవి కడకుఁ దెచ్చును. కాఁబట్టి ప్లుత మనావశ్యకము. ఉత్తమవార్తాపఠితలు దీనిని గ్రహించి సమీపస్వరమునఁ జదివిరి. జాకీలు పలకరింపుల నకారణముగా సాగఁదీయుదురు. వారు సమీపమున నుండియు దూరమునుండి కేకవేయుచున్నారు.

పామర ప్రసారమునకు దీర్ఘవాక్కు పొసఁగదను వాదమును నేను ఒప్పుకొనను. కడప మండలమందలి సురభి గ్రామమున 1885లోఁ బుట్టిన నాటకసమాజము చదువురాని జనులను రాత్రులు తెల్లవాఱుదాఁకఁ గూర్చుండఁబెట్టినది. మెదకు ప్రాంతపు మాచనూరున 2008లో నారంభమైన సంఘం రేడియోను పల్లె దళిత స్త్రీలు తమ యాసతోనే నడపి, విత్తనములు, పంటలు, పాటలు, పండుగలను గూర్చి ప్రసారములు చేసిరి. నగరపు జాకీ పలుకుబడిని వారు అరువు తెచ్చుకొనలేదు. ఆకాశవాణి తెలుఁగు కేంద్రముల సమస్యాపూరణ కార్యక్రమము మఱియొక దృష్టాంతము. ఒక పాదము నిచ్చి, పూరణములను బిమ్మట వినిపింతురు. అవధానసూత్రమే యిది: ఆకాంక్షను రేపి, దానిని తరువాతి ప్రసారముదాఁక నిలుపుట.

ఈ విచారము నేఁ డేల యన, 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము 234 క్రొత్త పట్టణములలో 730 ప్రైవేటు ఎఫ్.ఎం. ప్రసారమార్గములను వేలము వేయుట కామోదించినది. ఇఁకమీఁదఁ జిన్నపట్టణములకు స్థానిక రేడియో వచ్చినపుడు, హైదరాబాదు పలుకునే తెచ్చి పెన్నయొడ్డున వినిపింతురా, లేక యీ నేల పలుకునకు నోరిత్తురా యనునది తేలవలసి యున్నది. నిషేధమును గోరుట వ్యర్థమని కేస్కరుగారి కాలమే చూపినది. పదములను దిద్దుటయుఁ జాలదు. పండితులు చేయఁదగిన పని వేఱు: పాఠశాలలలో వినుటకుఁ దగిన వాక్యమును వ్రాయు నభ్యాసము చేయింపవలెను, సమస్యను, పొడుపుకథను, స్థలపురాణమును బది నిమిషముల కొలఁది ప్రసారములుగా మలచి యిచ్చువారిని దయారుచేయవలెను. వర్తకుఁడు శ్రోతను గోరును, శ్రోత ‘తరువాత?’ అని యడుగఁగోరును. ఆ ప్రశ్నను బుట్టించు విద్య మనయొద్ద నున్నది. దానిని మైకు ముందునకుఁ గొనిపోకుండ, జనులకు రుచి లేదని నిందించుట న్యాయము కాదు.