ఒకే రాత్రి ముగ్గురు కృష్ణులు

విశాఖ పోర్టులో, షిప్‌యార్డులో, స్టీల్‌ప్లాంటులో పనికని శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చినవాళ్లు పద్యనాటకం మీద మోజునూ వెంట తెచ్చుకున్నారు. ఆ తరం పెద్దల దగ్గర ‘కురుక్షేత్రం’ నాటకం మాటెత్తితే కథ చెప్పరు. పడక సీనులో కృష్ణుడెవరు, రాయబారంలో ఎవరు అన్నదే చెబుతారు.

1966లో ఎరిక్ క్లాప్టన్, జాక్ బ్రూస్, జింజర్ బేకర్ కలిసి ‘క్రీమ్’ పెడితే లోకం దాన్ని సూపర్‌గ్రూప్ అంది. విడివిడిగా పేరు తెచ్చుకున్నవాళ్లు ఒక వేదిక ఎక్కడమే సూపర్‌గ్రూప్ అయితే, మన కాంట్రాక్టు నాటకాలు అంతకు దశాబ్దాల ముందే ఆ పని చేశాయి. తెనాలి రామవిలాస సభ లాంటి సమాజంలో నటులు కలిసి సాధన చేసి కలిసి ఎదుగుతారు. కాంట్రాక్టరు అలా కాదు. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు, ఏ.వి. సుబ్బారావు వంటి హేమాహేమీలకు తలా ఒక ఊళ్లో అడ్వాన్సు ఇచ్చి ఒక రాత్రికి రప్పించేవాడు. పాత్ర ఒకటే అయినా ఒక్కో అంకానికి ఒక్కో కృష్ణుడు.

రిహార్సలు లేకుండా ఇది ఎలా నడిచింది? తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు అందరికీ కంఠతా వచ్చు. ఎవరి పద్యం తర్వాత ఎవరిదో, ఏ మాట మీద ఎదుటివాడు అందుకోవాలో ముందే తెలుసు. మిగిలిన భారమంతా హార్మోనిస్టుది. ఒకరిది నాలుగు శ్రుతి, మరొకరిది ఐదు. ఒకరు మోహనలో ముగిస్తే ఇంకొకరు కల్యాణిలో ఎత్తుకుంటారు. ఆ మధ్య క్షణంలో కొత్త రాగం ఛాయ చూపించి, నటుడు రాగం తీస్తుంటే నీడలా వెంట వెళ్లి, వన్స్‌మోర్ పడగానే మళ్లీ పద్యం మొదటికి తెచ్చేది ఆయనే. నా దృష్టిలో అసలు నాయకుడు ఆయన. పోస్టరు మీద మాత్రం ఆయన పేరు చిన్న అక్షరాల్లోనే ఉండేది.

సూపర్‌గ్రూప్‌తో కలిపి చూసే సైడ్ ప్రాజెక్టు సంగతి వేరు. దానికి యజమాని ఒక్కడే. అసలు బృందంలో తీరని ముచ్చట తీర్చుకోవడానికి పక్కన పెట్టుకున్న పని అది. అయితే ఈ రెంటి మధ్య గీత చెరిగిపోతుంది కూడా. 1975లో గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ మహావిష్ణు ఆర్కెస్ట్రా నడుపుతూనే ‘శక్తి’ అనే మరో బృందంతో కచేరీ చేశాడు. తర్వాత శక్తే ఆయన ప్రధాన బృందమైంది. 1990ల చివర ‘రిమెంబర్ శక్తి’గా తిరిగొచ్చి, మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్‌ని కూడా కలుపుకునేసరికి అది నిఖార్సైన సూపర్‌గ్రూప్. శ్రీనివాస్ అక్కడ పక్కవాద్యం కాదు. చిన్ననాడే కచేరీలతో సంపాదించుకున్న శ్రోతలున్న విద్వాంసుడు.

అందుకే నేను చూసేది పేర్ల బరువు కాదు, ఒకరినొకరు వినడం. కాంట్రాక్టు నాటకాన్ని దెబ్బతీసింది రాగాల పందెమే. చప్పట్ల కోసం ఒకరు గుక్క తిప్పుకోకుండా రాగం లాగితే, మరొకరు అంతకు రెట్టింపు లాగారు. సంధి మాటాడవలసిన కృష్ణుడు సభను మరిచాడు. ఎదుటివాడి పద్యానికి ముఖంతో జవాబిచ్చి, తన వంతు రాగానే పద్యంలోని మాటను స్పష్టంగా వినిపించిన నటుడు ఉన్న రాత్రి మాత్రం, ఏ ఊరి నుంచి ఎవరొచ్చారన్నది జనానికి గుర్తుకొచ్చేది కాదు. కౌరవసభే కనిపించేది.