గిన్నె మీద పేరు

కథలు రాయడం నేర్పేచోట తరచుగా ఇచ్చే అభ్యాసం ఒకటుంది. బల్ల మీద ఓ వస్తువు పెట్టి, దాని గురించి కథ రాయమంటారు. అగ్గిపుల్లయినా ఫరవాలేదంటారు. శ్రీశ్రీ ‘ఋక్కులు’ చదువుకున్నవాళ్లకు ఆ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. సలహా మంచిదే, చిక్కల్లా ఆ తర్వాత. తిరగలి పెడితే అమ్మమ్మ వస్తుంది. కవ్వం పెట్టినా ఆవిడే, కుంపటి పెట్టినా ఆవిడే. మూలపడ్డ సామాను జాబితా రాసి, చివర రెండు కన్నీటిచుక్కలు చల్లి కథ అనడం మీద ఈ కాలమ్‌కున్న కోపం పాఠకులకు పాతదే.

వస్తువు తన చోట తానున్నంత కాలం దానిలో కథ తక్కువ. తెలుగిళ్లలో స్టీలు సామాను మీద పేర్లు కొట్టించే అలవాటు చూస్తే ఇది తెలుస్తుంది. కొట్టువాడు సూదిమొన ఉన్న చిన్న కరెంటు మిషన్‌తో గిన్నె అంచు కింద అక్షరాలు దింపుతాడు. మిషన్ బర్రుమంటుంటే గిన్నె వణుకుతుంది. అందుకే సున్నాలు గుండ్రంగా రావు, ఒత్తులు పక్క అక్షరం మీదికి జారతాయి. దగ్గరగా చూస్తే అది గీత కూడా కాదు, చుక్కల వరస. ఇంటిపేరులో మొదటి అక్షరం, పేరు, పెళ్లి సామానైతే తేదీ. పుట్టింటివాళ్లు పెట్టినదాని మీద ఆడపిల్ల పేరు, చదివింపుల్లో వచ్చినదాని మీద ఇచ్చినవాళ్ల పేరు ఉంటాయి. సొంత వంటింట్లో ఉన్నన్నాళ్లూ దాన్నెవరూ చదవరు. పులుసు పోసి పక్కింటికి పంపిన గిన్నె తిరిగి రాకపోతే చదువుతారు. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు, పోయిన తల్లి పేరున్న బిందె చిన్నకోడలి వాటాకు వెళ్తే మరీ చదువుతారు.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ‘వడ్లగింజలు’లోనూ ఇలాగే చోటు మారింది. గాదెలో ఉన్న గింజను లెక్కపెట్టేవాడు లేడు. అదే గింజ చదరంగం బల్ల మీదికి వచ్చి, మొదటి గడికి ఒకటి, రెండోదానికి రెండు, మూడోదానికి నాలుగు చొప్పున రెట్టింపవుతూ పోతే, 64 గళ్లు నిండేసరికి మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615. ఆటలో గెలిచిన మనిషి వినయంగా అడిగిన బహుమతి ఏ దివాణమూ ఇచ్చుకోలేనిదవుతుంది.

ఇంతవరకూ వచ్చాక, వస్తువును బాగా పరికించి చూస్తే చాలు, కథ దొరుకుతుందని తేల్చేయవచ్చు. విజయనగరం చాసో దగ్గర ఆ మాట చెల్లదు. ‘ఎందుకు పారేస్తాను నాన్నా’లో తండ్రి కొడుకును చుట్టలు తెమ్మని పంపుతాడు. జీతం కట్టలేక చదువు మానిపించిన పిల్లవాడు వాడు. వెళ్లే దారిలో బడి ఉంది. ఈ కథను నడిపేది చుట్ట కాదు, చుట్టల కోసం నడవాల్సిన ఆ దారి. చుట్టల బదులు వక్కపొడి తెమ్మన్నా పిల్లవాడి అవమానం తగ్గదు. ‘వాయులీనం’లో భార్య జబ్బు ఖర్చుకు ఫిడేలు అమ్ముడుపోతుంది. ఫిడేలు ఎంత అందంగా ఉందన్నది అక్కడ పెద్ద విషయం కాదు. ముందు మనిషికి ఏదో అవసరం పడింది, దాని వెనకాలే వస్తువు వచ్చింది.

అంటే ఆ అభ్యాసాన్ని తిరగేసి ఇవ్వొచ్చు. బల్ల మీది గిన్నె తీసేసి, అది ఎవరింట్లో ఉందో తెలిసీ అడగలేని మనిషి గురించి రాయమనవచ్చు. అమ్మమ్మ అప్పుడూ వస్తుంది. కాకపోతే ఈసారి ఆవిడ, ఇంట్లో ఎవరూ లేని వేళ, పెద్దకోడలి వంటింట్లో నిలబడి, గిన్నెలు ఒక్కొక్కటే తీసి, చూపు ఆనక, అంచు కింద వేలితో తడుముతూ ఉంటుంది.