ఉప్పునీళ్ళ ఊళ్ళో మొహం కడుక్కోవడం

ఇందుకూరుపేట దాటి మైపాడు వైపు పోయేకొద్దీ బోరునీళ్ళ రుచి మారిపోతుంది. రొయ్యల గుంటలు మొదలయ్యేసరికి ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు సరికదా, సబ్బుకి కూడా లొంగవు. ఎంత రుద్దినా నురగ రాదు. దాని బదులు తెల్లగా విరిగినట్టు ఒక పొర వస్తుంది. అది మగ్గుకి పట్టుకుంటుంది, బకెట్ అంచుకి పట్టుకుంటుంది, మొహానికీ పట్టుకుంటుంది. తుడుచుకున్నాక బుగ్గలు బిగుసుకుపోతాయి, ముక్కు పక్కన జిడ్డు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఇసుక దిబ్బల్లో చెలమ తవ్వితే తియ్యటి నీళ్ళు ఊరే చోట్లు లేకపోలేదు గానీ, మొహం కడుక్కోవడానికి రోజూ దిబ్బ ఎక్కేదెవరు?

ఇందులో సబ్బు తప్పేమీ లేదు. నూనెకీ క్షారానికీ పుట్టిందే సబ్బు. నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటే అవి దాన్ని పట్టుకుని కరగని పదార్థంగా మార్చేస్తాయి. పాతకాలం ఓడల్లో సముద్రపు నీళ్ళతో స్నానం చేసే నావికుల కోసం కొబ్బరినూనెతో వేరేగా సబ్బు వండేవాళ్ళు, అది ఉప్పునీళ్ళలోనూ కాస్త నురగ ఇచ్చేది. మన కొట్టు సబ్బుకి ఆ గుణం అంతగా లేదు. మంచినీళ్ళలో సైతం మామూలు సబ్బుది క్షారగుణం, చర్మం పైపొరది కొద్దిపాటి ఆమ్లగుణం. ఆ పేచీ ఎటూ ఉన్నదే.

అందుకే నెల్లూరు బ్యూటీ పార్లర్లలో ‘ఆయిల్ క్లెన్సర్’ సీసాలు కొత్త వింతలా వరసగా పెట్టి ఉంటే నాకు నవ్వొస్తుంది. నూనెతో మొహం శుభ్రం చేసుకోవడం ఎక్కడైనా పనిచేస్తుంది, కానీ దాని అసలు అవసరం ఉన్నది సబ్బు ఓడిపోయే ఇలాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళకే. జపాన్‌లో షూ ఉయెమురా అనే మేకప్ కళాకారుడు 1967లో మేకప్ తీసే నూనెను సీసాలో పోసి అమ్మాడు. ఇవాళ్టి ఆయిల్ క్లెన్సర్ల పరంపర చాలావరకు అక్కడి నుంచి వచ్చిందే. కానీ అంతకు చాలా ముందునుంచే మన నాటకాలవాళ్ళకి ఈ సంగతి తెలుసు. మా ఊరి పురమందిరంలో పద్యనాటకం ముగిశాక తెర వెనక్కి వెళ్ళి చూసినవాళ్ళు ఎరుగుదురు. కృష్ణుడైనా కర్ణుడైనా కిరీటం తీసి పక్కన పెట్టి, అరచేతిలో కొబ్బరినూనె పోసుకుని మొహమంతా రుద్దుకుంటాడు. రంగు, చెమట, కనుబొమ్మల మసి అంతా కలిసి ఒక బురద అవుతుంది. దాన్ని పాత పంచె ముక్కతో తుడిచేశాకే సబ్బు జోలికి పోతాడు. జిడ్డు రంగు నీళ్ళకి కరగదు, నూనెకి కరుగుతుంది. శాస్త్రమంతా ఈ ముక్కలోనే ఉంది.

మొహం మీద పేరుకునే జిడ్డు కూడా ఆ జాతిదే. మన చర్మం స్రవించే నూనెలో కొవ్వులు, మైనం లాంటి పదార్థాలతో పాటు స్క్వాలీన్ అనేదొకటి ఉంటుంది. దాన్ని 1906లో జపాన్ రసాయన శాస్త్రవేత్త సుజిమోతో మొదట సొరచేప కాలేయం నూనెలో కనిపెట్టాడు. సొరపిట్టు లేనిదే ఆదివారం గడవని మా తీరంవాళ్ళకి ఈ చుట్టరికం చెబితే నమ్మరు.

ఇక ఇంట్లోనే ఈ మొహం కడిగే నూనె తయారీ. రెండే నూనెలు: నువ్వుల నూనె, ఆముదం.

నువ్వుల నూనె గానుగది కొనండి. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో అడిగితే కొట్టువాడు రెండు రకాలు తీసి చూపిస్తాడు, వాటిలో చవకది దీపం నూనె. దాని మీద సన్నటి అక్షరాల్లో తినడానికి కాదని రాసి ఉంటుంది. దేవుడి ముందు వెలిగించే నూనె కాబట్టి పవిత్రమనుకుని మొహానికి రాసుకునేవాళ్ళున్నారు. అందులో ఏమేం కలిపారో ఆ దేవుడికే తెలియాలి. నోట్లో వేసుకోకూడనిదాన్ని మొహానికి పూసుకోవద్దు. అసలైన నువ్వుల నూనెకి ఒక గొప్ప గుణం ఉంది, తొందరగా ముక్కిపోదు. సెసమాల్ లాంటి పదార్థాలు దాన్ని కాపాడతాయి. మా ఉక్కలో, మా ఉప్పుగాలిలో అది చిన్న విషయం కాదు. కొబ్బరినూనె ఎందుకు వద్దంటే, నాటకంవాడికి ఏడాదిలో పదిసార్లు సరిపోయింది రోజూ రాసుకునేవాళ్ళకి సరిపడకపోవచ్చు. చాలామందికి రంధ్రాలు పూడుకుపోయి మొటిమలు వస్తాయి.

ఆముదం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. దాని కొవ్వులో నూటికి 85 నుంచి 90 వంతుల దాకా రిసినోలియిక్ ఆమ్లం ఒక్కటే. మరే వంటనూనెలోనూ ఇది ఈ మోతాదులో ఉండదు. అందుకే అది అంత చిక్కన, అంత బంక. రంగుల్ని పట్టుకోవడంలో దానికి సాటి లేదు. చాలా లిప్‌స్టిక్‌లలో రంగును పట్టి ఉంచేది ఆముదమే. పెట్టిన రంగును పట్టి ఉంచగలిగిందే తీసేసేటప్పుడూ దాన్ని లాక్కొస్తుంది. కానీ ఆముదం ఒక్కటే రాస్తే చెయ్యి జారదు, చర్మం సాగుతుంది, తర్వాత పొడిబారుతుంది. పలచన చేయడానికే నువ్వుల నూనె.

మా అత్త ఇప్పటికీ వంటాముదం తీస్తుంది. గింజల్ని మూకుట్లో దోరగా వేయించి రోట్లో వేసి దంచితే, పొడి కాదు, నల్లటి జిగురు ముద్ద అవుతుంది. రోకలి ఎత్తిన ప్రతిసారీ ముద్ద దానితోపాటు లేస్తుంది. దాన్ని పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి ఆరుబయట పొయ్యి మీద మరిగిస్తే, చాలాసేపటికి పైన బంగారు రంగు కళ్ళు కళ్ళుగా తేలి, ఆ కళ్ళు ఒకదానితో ఒకటి కలిసి పొర కడతాయి. ఆ పొరను కొబ్బరి చిప్పతో పైపైన తీసి ఇంకో గిన్నెలోకి వంచి మళ్ళీ కాస్తుంది. మిగిలిన తడికి అది చిటపటమంటుంది. ‘ఆ చప్పుడు ఆగేదాకా దించబాక’ అంటుంది నాతో. అది ఆగితే నీరు పోయినట్టు. నీరు మిగిలితే నూనె నిలవదు.

ఇది చదివి ఎవరూ అపార్ట్‌మెంటు వంటింట్లో ఆముదం గింజలు వేయించకండి. ఆ గింజలో రిసిన్ అనే పచ్చి విషం ఉంది. అది నీళ్ళలో కరిగేది, నూనెలోకి రాదు, పైగా బాగా మరిగితే విరిగిపోతుంది. కాబట్టి తేలిన నూనెతో భయం లేదు. కానీ పచ్చి గింజ పిల్లల నోట్లోకో, దంచిన పిప్పి మేక నోట్లోకో పోతే ప్రాణం మీదికి వస్తుంది. ఎరిగినవాళ్ళ పని ఎరిగినవాళ్ళకి వదిలేయడమే మేలు. గానుగ ఆముదం కొనుక్కుంటే ఏ సంప్రదాయమూ చెడిపోదు.

ఇంట్లో దంచొద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. తిక్కన నెల్లూరులో కూర్చుని భారతాన్ని విరాటపర్వంతో మొదలుపెట్టాడు. ఆ పర్వంలో ద్రౌపది సైరంధ్రి, అంటే రాణి అలంకరణ చూసే దాసి. వ్యాసుడి కథలో ఆమె రాత్రివేళ భీముడి దగ్గరికి వచ్చి, విరాటుడి కోసం గంధం తీసి తీసి కాయలు కాసిన తన చేతులు చూపించి ఏడుస్తుంది. కీచకుడు పెట్టిన బాధతోపాటు ఆ కాయలూ ఆమె ఫిర్యాదులో ఉన్నాయి. ‘అమ్మమ్మల నాటి సహజ సౌందర్యం’ అని ప్రకటన కనిపించినప్పుడల్లా నాకు ఆ చేతులు గుర్తుకొస్తాయి. అమ్మమ్మ మొహం గురించి అందరూ రాస్తారు, అమ్మమ్మ రోకలి గురించి రాయరు.

పాళ్ళు: జిడ్డు మొహమైతే ఒక వంతు ఆముదానికి మూడు వంతులు నువ్వుల నూనె. పొడి మొహమైతే ఒకటికి తొమ్మిది. ఒకేసారి వంద మిల్లీలీటర్లు మించి కలపొద్దు. సీసా ముదురు రంగుదై, ఎండలో బాగా ఆరినదై ఉండాలి. రోజ్ వాటర్, కలబంద గుజ్జు, పచ్చి వేపాకు ఇలా ఏదీ అందులో పడకూడదు. నూనెలో నీరు లేనంతవరకు సూక్ష్మజీవులు పెరగవు. ఒక చెంచా కలబంద వేశారంటే వాటికి ఇల్లు కట్టి ఇచ్చినట్టే. పసుపు సంగతి అడుగుతారు. మీ తువ్వాళ్ళన్నీ పచ్చబడినా పర్వాలేదనుకుంటే వేసుకోండి.

వాడటం దగ్గరే అందరూ తడబడేది. మొహం పొడిగా ఉండాలి, చెయ్యీ పొడిగా ఉండాలి. చెంచాలో సగం నూనె తీసుకుని ఒక నిమిషం పాటు మెల్లగా తిప్పాలి. గట్టిగా రుద్దితే మురికి ముందుగా వస్తుందన్నది భ్రమ. ఆ తర్వాతే అసలు పని. ఈ నూనెను తీసేదెలా?

కొట్లో కొన్న క్లెన్సర్ మీద నీళ్ళు పోయగానే పాలలా తెల్లబడి జారిపోతుంది. నూనెనూ నీటినీ కలిపే పదార్థం ఒకటి దానిలో ముందే వేసి ఉంచుతారు. ఇంటి నూనెలో అది లేదు. నీళ్ళు పోస్తే బొట్లు బొట్లుగా జారి, జిడ్డు జిడ్డుగానే మిగులుతుంది. ఇక్కడే మన నలుగు తెలివి పనికొస్తుంది. పసిబిడ్డకి నూనె రాసి సున్నిపిండితో నలిచినట్టే, నూనె మొహం మీద మెత్తటి పెసరపిండిని కాసిన్ని నీళ్ళతో జారుగా కలిపి పూయాలి. పిండి నూనెను పీల్చుకుంటుంది, పప్పులోని మాంసకృత్తులు మిగిలిన కాస్తనూ నీటితో కలుపుతాయి. కాల్షియం ఎంతున్నా పిండికి పట్టింపు లేదు, కాబట్టి ఏ ఉప్పుబోరు నీళ్ళతోనైనా కడుక్కోవచ్చు. కుంకుడుకాయ కూడా ఈ నీళ్ళకి సబ్బులా విరగదు. కానీ అది తలకీ గుడ్డలకీ సరి, మొహానికి వాడితే ముందు కళ్ళు ఏడుస్తాయి.

పిండి వద్దనుకుంటే గుడ్డ. గోరువెచ్చటి నీళ్ళలో ముంచి పిండిన నూలు గుడ్డ మొహం మీద కాసేపు వేసుకుని ఒత్తి తీయాలి. మందపాటి తువ్వాలు కంటే, ఉతికి ఉతికి మెత్తబడిన పాత వెంకటగిరి నూలుచీర ముక్క ఎన్నో రెట్లు మేలు. సన్నటి దారం కాబట్టి గీరుకోదు. ఆ చీర చించడానికి మనసొప్పాలి, అంతే.

సున్నిపిండి అనగానే కొందరు బావంచాలు, నిమ్మతొక్క కూడా కలిపి ఆడిస్తారు. పసిపిల్లల సంగతి పెద్దవాళ్ళనీ వైద్యులనీ అడగండి. ఎండలో పని ఉన్న పెద్దవాళ్ళకి మాత్రం నా మాట ఇది, ఆ రెండూ మొహానికి వద్దు. బావంచాల్లో సొరాలెన్ ఉంటుంది. బొల్లి ఉన్నవాళ్ళకి దాన్ని మందుగా ఇచ్చి, లెక్కగా వెలుతురు తగిలేలా చేసేది ఎందుకంటే, అది చర్మాన్ని ఎండకి లొంగేలా చేస్తుంది కాబట్టి. నిమ్మతొక్క నూనెలోనూ ఆ కోవ పదార్థాలే ఉన్నాయి. అది రాసుకుని మే నెలలో మైపాడు ఒడ్డున నిలబడితే చర్మం కమిలి మచ్చలు పడొచ్చు. ప్రకృతిలో దొరికింది కాబట్టి మంచిదే అనేవాళ్ళకి ఆముదం గింజను గుర్తుచేస్తే చాలు.

తెల్లబడతామా అని అడిగే ఉత్తరాలు ముందే ఊహించగలను. తెల్లబడరు. తెల్లబడాల్సిన పని కూడా లేదు.

అందరికీ పడదు కూడా. మా తీరంలో ఉక్కకీ చెమటకీ మెడ మీద, వీపు మీద, ఒక్కోసారి మొహం మీద కూడా సిబ్బెం వస్తుంది. కొందరు శోభి అంటారు. లేత రంగులో పొట్టు రాలే మచ్చలు. దానికి కారణం మలసీజియా అనే ఒక రకం ఫంగస్. అది బతికేదే చర్మం మీది కొవ్వును తిని. సిబ్బెం ఉన్నవాళ్ళు మొహానికి నూనె పూయడమంటే దానికి అన్నం పెట్టడమే. ముందు చర్మవైద్యుడి దగ్గర మందు వాడి తగ్గించుకోండి. చీము మొటిమలున్నవాళ్ళూ అంతే. మిగిలినవాళ్ళు కూడా మొదట దవడ కింద చిన్న చోట రాసి రెండు రోజులు చూడటం మంచిది.

ఈ సిబ్బెం దగ్గరే మా అత్తకీ నాకూ కుదరదు. పొలం పనికి వచ్చే కుర్రాడి మెడ మీద మచ్చలు చూసి మొన్న ఆముదం గిన్నె తీసుకుని లేచింది. వద్దత్తా, అది నూనె తిని పెరిగే జబ్బు అన్నాను. ‘నూనె పడనోళ్ళు యాడన్నా ఉంటారా’ అని నా మొహం చూసి, కుర్రాడిని కూర్చోబెట్టి రాయనే రాసింది. వాడు మర్నాడు నెల్లూరు ఆసుపత్రికి పోయి మందు చీటీ తెచ్చుకుని, దాన్ని ఆమెకి కనిపించకుండా నా చేతికిచ్చాడు.