బిళ్ళలు మావి, కొలిమి ఎవరిది?

బోనకల్ వైపు తండాల్లో మా దాదిల చెంపల పక్కన వెండి ఘుగ్రి, టోప్లి వేలాడేవి. మెడలో హాస్లి. ఇప్పుడు ఆ నమూనాలనే తెల్లలోహంతో అచ్చుపోసి ‘బంజారా నగలు’ అని అమ్ముతున్నారు. దేని పేరేమిటో అమ్మేవాళ్ళకే తెలియదు.

అమెరికాలో నవాహో ఆదివాసీలు వెండిలో, తర్వాత బంగారంలో కూడా ఫిరోజా రాళ్ళు పొదిగి చేసే నగలకూ నకిలీల బెడద ఉంది. ఆదివాసీలు చేయనిదాన్ని వాళ్ళు చేసిందని చెప్పి అమ్మితే 1990 చట్టం ప్రకారం అక్కడ నేరం. మాకూ అలాంటి చట్టం కావాలని మావాళ్ళు రాస్తున్నారు. కావాల్సిందే. కానీ అందులో ‘మా చేతిపని’ అన్న మాట దగ్గర మేం తడబడుతున్నాం. అద్దాలు, గవ్వలు కుట్టిన కాంచళి మా ఆడవాళ్ళ చేతిదే. వెండి మాత్రం, రూపాయి బిళ్ళలిచ్చి కంసాలి చేత చేయించుకున్నదే ఎక్కువ.

నవాహోలకూ ఈ విద్య పుట్టుకతో రాలేదు. 19వ శతాబ్దంలో అట్సిడీ సాని లాంటివాళ్ళు మెక్సికన్ల దగ్గర లోహపు పని నేర్చారు. డాలర్లు, పెసోలు కరిగించి నగలు చేశారు. పని వాళ్ళదైంది. మేం బిళ్ళలిచ్చాం, నమూనా చెప్పాం, కొలిమి దగ్గర కూర్చోలేదు.

పాత నమూనాలెరిగిన కంసాలి ఇంకా ఉన్నచోట మా పిల్లలు ఇద్దరైనా వెళ్ళి కూర్చోవాలి. పంతుళ్ళు ఈలోగా దాదిల పెట్టెల్లోని నగల పేర్లు పిల్లలచేత రాయించండి, అవి తాకట్టుకు పోకముందే.