నీరు తీశాక బొడ్డు చూడండి

లివర్ చెడిపోయి పొట్ట నిండా నీరు చేరినవాళ్లకి ఆ నీరు తీయడం మా వార్డులో దాదాపు రోజూ ఉండే పని. ఎడమవైపు తుంటి ఎముక మొన నుంచి రెండు వేళ్లు పైకి, రెండు వేళ్లు లోపలికి కొలుచుకుని, మత్తిచ్చి సూది దించుతాం. అంతదాకా ఎదురు తన్నిన పొర చటుక్కున వదులుతుంది, ట్యూబులోకి లేత పసుపు నీరు దిగుతుంది. ఐదు లీటర్లు దాటితే తీసిన ప్రతి లీటరుకూ 6 నుంచి 8 గ్రాముల ఆల్బుమిన్ ఎక్కిస్తాం. లేకపోతే కిడ్నీలు దెబ్బతినొచ్చు.

ఇదంతా జూనియర్లకి కంఠతా వచ్చు. పేగు సంగతి మాత్రం పదేపదే గుర్తుచేయాల్సి వస్తుంది.

పేగుకి సూది గుచ్చుకోవడం వెయ్యిమందిలో ఒకరికి కూడా జరగదు. నీటిలో తేలే పేగు పక్కకి తప్పుకుంటుంది. పాత ఆపరేషన్ మచ్చ కింద మాత్రం గోడకి అతుక్కుని ఉండొచ్చు కాబట్టి అటు వెళ్లం.

నాకు అసలు భయం బొడ్డు దగ్గర. పొట్టలో నీరున్న సిర్రోసిస్ రోగుల్లో సుమారు ఐదుగురిలో ఒకరికి అక్కడ హెర్నియా, అంటే పొట్టగోడలోని కంతలోంచి ఉబికిన బుడిపె, ఉంటుంది. నీరున్నంతకాలం ఆ కంత సాగి ఉంటుంది, పేగు వస్తూ పోతూ ఉంటుంది. నీరంతా ఒక్కసారి పోయాక అది తాడు లాగిన సంచి మూతిలా బిగుసుకోవచ్చు. అప్పుడు బయటున్న పేగు బయటే చిక్కుకుంటుంది, రక్తం అందక గంటల్లో కుళ్లడం మొదలవుతుంది. ఇది అరుదే. కానీ అంత పాడైన లివర్‌తో అర్ధరాత్రి ఆపరేషన్ బల్ల ఎక్కడం ప్రాణాల మీదికొచ్చే విషయం.

అందుకే సూది పట్టకముందే బొడ్డుబుడిపెని నెమ్మదిగా లోపలికి నెడతాను. నీరు దిగుతున్నంతసేపూ నర్సమ్మ అరచెయ్యి దానిమీదే ఉంటుంది.

"నీళ్లు తీసేశారుగా సార్, ఇంక ఇంటికి తీసుకెళ్లొచ్చా?" అని భార్యో కొడుకో అడుగుతారు.

"తీసుకెళ్లండమ్మా. ముందు ఇక్కడ చెయ్యి పెట్టి చూడండి. మెత్తగా ఉంది కదా? ఇది గట్టిపడినా, నొప్పి పెట్టినా, రంగు మారినా, వాంతులైనా తెల్లారేదాకా ఆగకండి, వెంటనే వచ్చెయ్యండి."

తాకి చూస్తేనే తేడా తెలుస్తుంది. డిశ్చార్జి కాగితం మీద ఈ నాలుగు మాటలూ ఇంగ్లీషులో కాదు, తెలుగులో, పెద్ద అక్షరాలతో ఉండాలి. నీరు తీసే ప్రతి ఆసుపత్రినీ నేను అడిగేది ఇదే.